కోటగిరిలో ఆగిన యెజ్డీ

యెజ్డీ మోటారుసైకిల్ కాలువ వంతెన దాకా వెళ్లి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

బాలకృష్ణ దిగాడు. బండిని వెనక్కి తిప్పాడు. వెనక సీటు మీది క్రిస్మస్ తాత కూడా దిగి, మూట భుజాన వేసుకుని వెనకనుంచి తోశాడు. ఇద్దరూ కలిసి బండిని, తాము అప్పుడే బయల్దేరిన పూలమ్మ ఇంటి వాకిట్లోకే మళ్లీ తెచ్చి స్టాండు వేశారు.

“మళ్ల గిదే ఇల్లు,” అన్నాడు బాలకృష్ణ పళ్లు కొరుకుతూ. “పోయినేడు సుత గీడనే ఆగింది. గంట సేపు సతాయించి, దానంతటదే స్టార్టయింది. దాని ఫికర్‌కు నేను కాయిల్ మార్పిస్తి, పాయింట్లు మార్పిస్తి. ఇంకేం మార్పియ్యాలె?”

“బండి మార్పియ్యి బావా,” అన్నాడు పండరి, తన బుల్లెట్ మీద నుంచి దిగకుండానే.

బాలకృష్ణకు బాన్సువాడలో కరెంటు సామాన్ల దుకాణం ఉంది. పండరి చెరుకు రైతు. పాత మోటారుసైకిళ్ల పిచ్చి ఉన్నవాళ్లంతా ఒక క్లబ్బు పెట్టుకుని, ప్రతి క్రిస్మస్‌కూ ఊళ్లు తిరుగుతారు. మిషన్ వాళ్లు కుటుంబాల్లో ఉంచి పెంచుతున్న పిల్లలకు బహుమతులు ఇచ్చి వస్తారు. ఈ దారికి రెండు బళ్లు వచ్చాయి. నస్రుల్లాబాద్ అయింది, కోటగిరి అయింది. డోంగ్లిలో ఇద్దరు అన్నదమ్ములు మిగిలారు. పోయినేడు వీళ్లు వెళ్లేసరికి ఆ పిల్లలు ఎదురుచూసి ఎదురుచూసి నిద్రపోయారు. ఈసారి వెలుతురుండగానే వస్తానని బాలకృష్ణ మాటిచ్చాడు. ఎండ అప్పుడే పసుపు రంగులోకి తిరుగుతోంది.

ప్లగ్గు విప్పాడు, తుడిచాడు, బిగించాడు. కిక్కు కొట్టాడు. ఇంకో ప్లగ్గు వేశాడు. కిక్కు కొట్టాడు. కిక్కు కొట్టినప్పుడల్లా, నులక మంచం మీద కూర్చున్న స్పందన, పక్కనే కూర్చున్న క్రిస్మస్ తాత ఎర్రకోటు గట్టిగా పట్టుకుంటోంది. మిషన్ వాళ్లు పూలమ్మ దగ్గర ఉంచిన ఏడేళ్ల పిల్ల. ఒళ్లో పెట్టిన బహుమతి ప్యాకెట్టు ఇంకా విప్పనే లేదు.

“చప్పుడుకు భయపడుతుంది సారూ,” అంది పూలమ్మ.

“చప్పుడు వస్తే కద భయపడేది,” అన్నాడు బాలకృష్ణ.

పండరికి జాలేసింది. “తాతను నా బండి మీద ఎక్కియ్యి. మేం డోంగ్లికి పోతం. నువ్వు చిన్నగ రా.”

క్రిస్మస్ తాత నడుం పట్టుకుని, బుల్లెట్ వైపు చూసి, అడ్డంగా తలాడించాడు.

“నస్రుల్లాబాద్‌ల గంట ఊపుకుంట గంతులేసినప్పుడు లేని నడుం నొప్పి, గిప్పుడొచ్చిందా లింగం?” బాలకృష్ణ గొంతు పెరిగింది.

లింగం బాన్సువాడ రైస్‌మిల్లులో హమాలీ. ఎండలో ఆ కోటూ, దూది గడ్డమూ తగిలించుకోవడానికి క్లబ్బులో ఎవరూ ముందుకు రాకపోతే, పోయినేడు తానే వచ్చి అడిగి వేసుకున్నాడు; ఈసారీ అతనే. పని బాగానే చేస్తాడు. కానీ పొద్దున పాటలు పాడి గొంతు పోగొట్టుకున్నాడో ఏమో, ఈ ఇంట్లో ఒక్క మాటా లేదు. పూలమ్మ చాయ్ ఇస్తే, గడ్డం తియ్యకుండా దాన్నే కొంచెం పైకెత్తి తాగాడు.

పండరి చివరికి బుల్లెట్ దిగాడు. యెజ్డీ పక్కన గొంతుక్కూర్చుని, ట్యాంకు కిందికి తొంగిచూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు.

“బావా. పెట్రోల్ కాక్ బంద్ ఉంది.”

బాలకృష్ణ చెయ్యి గాల్లోనే ఆగింది. అంటే ట్యాంకులోంచి పెట్రోలు దిగకుండా ఎవరో ఆ మర తిప్పేశారు, కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలుతోనే బండి వంతెన దాకా వెళ్లింది.

“కొన్నప్పటి సంది దాన్ని నేను ఒక్కసారి బంద్ చెయ్యలే. అందుకే అటు చూడలే.” మెల్లగా లేచాడు. “పోయినేడు సుత గిదే అయ్యుంటది. బంద్ చేసినోడే మళ్ల తెరిచిండు. నేను అనవసరంగ కాయిల్ మార్పిస్తి.”

“గట్లనే ఉంది మరి.”

“అక్కా, నేను లోపల చాయ్ తాగుతుంటే వాకిట్లకు ఎవలన్న వచ్చిండ్రా?”

“ఎవలొస్తరు సారూ? సొంతోళ్లను, కన్న అమ్మా బాపును సుత గడప తొక్కనియ్యొద్దని మిషనోళ్లు చెప్పిండ్రు. పిల్లలు బెంగ పెట్టుకుంటరట. మీరు తప్ప ఎవ్వలు రారు.”

బాలకృష్ణ పండరి వైపు తిరిగాడు. “నువ్వు బయటనే ఉన్నవ్.”

“బీడీ తాగుతున్న.”

“నీ బుల్లెట్ గొప్ప అనిపియ్యనీకి నా బండిని రెండేండ్లు గోస పెట్టినవ్.”

“బావా, మజాక్ చేస్త గని గిసొంటి పని చెయ్య. పిల్లలు ఎదురుచూస్తుండ్రని నాకు ఎర్క లేదా?”

“ఇగ మాట్లాడకు.” బాలకృష్ణ కాక్ తెరిచాడు. ఒక్క కిక్కుకే యెజ్డీ గర్జించింది. ఆ మోత మీద గొంతు పెంచి అన్నాడు. “వచ్చేయేడు గీ ఊరికి ఎవ్వరం రాం. డబ్బాలు బస్సుల వేస్త, అక్క తెచ్చుకుంటది.”

స్పందన మంచం దిగింది. ప్యాకెట్టు కింద పడినా చూసుకోలేదు. పరుగెత్తుకొచ్చి బాలకృష్ణ చొక్కా పట్టుకుంది.

“పండరి మామ కాదు. నేను చూసిన.”

బాలకృష్ణ ఇంజను ఆపి వంగాడు. “ఎవలు బిడ్డా? చెప్పు, నేనేమనను.”

పిల్ల చెయ్యి ఎత్తి మంచం వైపు చూపించింది. ఎర్రకోటు కదల్లేదు. దూది గడ్డం గుండెల మీదికి వంగిపోయింది.

“క్రిస్మస్ తాతనా?” బాలకృష్ణకు విసుగూ నవ్వూ కలిసే వచ్చాయి. “తాత ఎందుకు చేస్తడమ్మా?”

“తాత కాదు. మా బాపు.”