సానతాత సాక్ష్యం

"కళ్ల ముందు కత్తి ఆడించినవాడి మొహం చూడలేదా?" ఇన్‌స్పెక్టర్ బల్ల మీద చరిచాడు.

"కత్తి చూశానండి," అన్నాడు సానతాత. "జానెడు కత్తి. చెక్క పిడి. మూడు మేకుల్లో మధ్యది ఊడిపోయింది. అంచు మీద నువ్వుగింజంత గంటు. సాన నేను పట్టిందే."

"మరి మొహం?"

"కత్తి ఉండగా మొహం మీదికి చూపెట్లా పోతుందండీ?"

వీధిలో కత్తులన్నీ ఆయనకు తెలుసు. వాటిని పట్టుకొచ్చే మనుషులే తెలియరు.

పోయింది తన చేతి గడియారం. పోతే పోయింది, అదెప్పుడూ పది నిమిషాలు వెనకే నడిచేది. తాత బెంగంతా లాకప్‌లో ఉన్న పెయింటర్ గురించి. అరుపులు విని పరుగెత్తుకొచ్చిన పాపానికి దొరికిపోయాడని వాడి తల్లి ఏడుస్తోంది.

"ఒక్క మాట చెప్పన్నయ్యా. వీడు కాదని."

కాదందామంటే తాతకు తెలియదు. అవునందామంటే నోరు రాదు.

ఇన్‌స్పెక్టరే కాస్త మెత్తబడ్డాడు. "నువ్వు సానపట్టిన కత్తేనంటే వాడు నీ దగ్గరికి వచ్చేవాడే. నువ్వు తలెత్తవని వాడి ధీమా. మళ్లీ వస్తాడు. వీడు లోపల ఉండగా ఆ కత్తి నీ దగ్గరికొస్తే వీణ్ణి వదిలేస్తా. ఈసారి మాత్రం మొహం చూడు. మొహం."

"మొహం," అని పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు తాత. దారి పొడుగునా అదే జపం.

మూడో రోజు మధ్యాహ్నం తాత రొప్పుకుంటూ స్టేషన్‌కు వచ్చాడు.

"చూశానండి. కోలమొహం. ఎడమ కనుబొమ్మ మీద గాటు. కుడి చెవి తమ్మె చీలింది. నేను తలెత్తేసరికి వాడు తడబడిపోయాడు. సాన పట్టినంతసేపూ నేను కన్ను తిప్పితే ఒట్టు."

"కన్ను తిప్పకుండా సానెలా పట్టావయ్యా?"

"చేతులే పట్టేశాయండి. వాటికి అలవాటేగా."

తల్లి బెంచీ మీంచి లేచింది. "మావాడికి గాటూ లేదు, గీటూ లేదు బాబూ."

ఇన్‌స్పెక్టర్ అంతా రాసుకున్నాడు. తలూపాడు. కానిస్టేబుల్ లాకప్ తాళంలో తాళంచెవి దూర్చాడు. లోపల పెయింటర్ అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"కత్తి అదేగా తాతా? మధ్య మేకు లేనిది?"

సానతాత నోరు తెరిచాడు. తల్లి వంక చూశాడు. తాళం వంక చూశాడు.

"మొహం ఉండగా కత్తి మీదికి చూపెట్లా పోతుందండీ?"