ఎదురొచ్చిన ఆముదం

శకునాన్ని దేవుడు పంపుతాడా, మనిషే కల్పించుకుంటాడా అన్న సందేహం నన్ను ఏళ్ల తరబడి వదల్లేదు. కృష్ణస్వామి సంగతి తలచుకుంటే అది మరీ ఎక్కువవుతుంది.

అది 1934, చెరకు కోతల కాలం. మా చెరకు దీవిలో, రోజ్ బెల్‌కి ఎగువన ఉన్న మా ఊళ్లో కారున్నది కృష్ణస్వామి ఒక్కడికే.

ఆయన భార్య మంగమ్మ ముందురోజు నుంచి నొప్పులు పడుతోంది. మంత్రసాని తన వల్ల కాదంది. మహేబోర్గ్ ఆసుపత్రికి తీసుకుపోవాలి. దారంతా దిగుడు. కారుకేమో బ్రేకు లేదు.

మెకానిక్ పియర్ కారు కింద నుంచి బయటికొచ్చాడు.

“గొట్టం బిగించాను మిస్యే. కానీ లోపలి నూనంతా కారిపోయింది. సగం స్పిరిట్, సగం తాంతాన్ కలిపి పోయాలి. స్పిరిట్ నా దగ్గరుంది.”

మిస్యే అంటే అయ్యగారు, తాంతాన్ అంటే ఆముదం. మందుల షాపులో అయిపోయింది.

“కొబ్బరినూనె పోస్తే?”

“ఈ చలికి గడ్డకడుతుంది.”

“మోటారు నూనె?”

“లోపలి రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. ఇదేం కూర కాదు మిస్యే, ఏ నూనె ఉంటే అది పోయడానికి.”

కృష్ణస్వామి నుదురు రుద్దుకున్నాడు. రాత్రంతా కన్ను మూయలేదు.

“చేతిబ్రేకుతోనే పోతాను. రాముడే దిక్కు.”

“ఆ దిగుడులోనా? మీ రాముడైనా కారు దిగి నడుస్తాడు.”

మంగమ్మను వెనక సీట్లో పడుకోబెట్టారు. కృష్ణస్వామి పెద్దమ్మ రంగమ్మ ఆమె తలను ఒళ్లో పెట్టుకుంది. కృష్ణస్వామి దండం పెట్టుకుని ఇంజను తిప్పాడు.

సరిగ్గా అప్పుడే నర్సమ్మ ఎదురొచ్చింది.

నర్సమ్మ ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలిది. విధవ. పసిపిల్లల మాడుకు పెట్టే ఆముదం వండి అమ్ముకునేది. ఇలాంటి వేళ ఆమె గడప తొక్కాలని ఎవరికీ తోచలేదు. కృష్ణస్వామి కారు కనబడితే చెరకులోకి తప్పుకునేది.

ఆ రోజు తప్పుకోలేదు. చేతిలో ఆముదం సీసా ఉంది.

విధవ. పైగా నూనె.

కృష్ణస్వామి ఇంజను ఆపేశాడు. దిగి మెట్టు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగాడు. అపశకునమైతే అలా ఆగి బయల్దేరడం మన ఆచారం.

“ఎదురు రావడానికి ఇవాళే దొరికిందా నీకు?”

“ఆముదం కావాలంటున్నారని విన్నాను బాబూ.”

నర్సమ్మ సీసా నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. రంగమ్మ ఏదో అనబోయి ఊరుకుంది.

పియర్ ఒక్క ఉరుకున సీసా అందుకున్నాడు. మూత తీసి వాసన చూశాడు.

“తాంతాన్!”

“ఆ చేతి నూనె నా బండిలో వద్దు.”

వెనక సీట్లోంచి మంగమ్మ గొంతు నీరసంగా వినిపించింది.

“మీ శకునాలు మీరు తర్వాత చూసుకోండి. నాకు ఓపిక లేదు. పోయించండి.”

పియర్ వడకట్టి, కలిపి, పోసి, గొట్టాల్లో గాలి తీశాడు.

దిగుడు పొడవునా బ్రేకు పట్టింది. ఆ సాయంత్రం మహేబోర్గ్‌లో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

నర్సమ్మకు ఒక మంచి మాట చెప్పి రావాలని కృష్ణస్వామి అనుకున్నాడు. కోతలు, బండ్లు, మిల్లు దగ్గర పడిగాపులు. ఇంటికొచ్చేసరికి ఒంట్లో సత్తువ ఉండేది కాదు. రేపు, ఎల్లుండి అంటుండగానే జ్వరమొచ్చి ఆమె పోయింది.

పాడె మోయడానికి మనుషులు దొరకడమే కష్టమైంది.

“కొడుకుల్లేరు. నిప్పుకుండ ఎవరు పట్టుకుంటారు?” పూజారి సుబ్బయ్య అడిగాడు.

“ఇటివ్వండి,” అని కృష్ణస్వామి ముందుకొచ్చాడు. “ఆమె ఆముదానికి రుణపడ్డాను.”

ఆయనే పాడె ముందు నడిచాడు. ఆయనే తలకొరివి పెట్టాడు.

తిరిగొచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే, నీళ్లు పోస్తున్న రంగమ్మ చెయ్యి ఆగింది.

“ఆముదం రుణమనే అనుకుంటున్నావా నాయనా? మీ అమ్మ నిన్ను కని కన్నుమూసిన నాడు, అప్పుడే మొగుణ్నీ, పసిబిడ్డనూ పోగొట్టుకున్న నర్సమ్మే నిన్ను రొమ్మున వేసుకుంది. విధవ పాలు తాగాడని నలుగురూ అంటారని మీ నాన్న ఆమె నోరు కట్టేశాడు.”