నలభై నిమిషాలు

“బూట్లు గట్టిగా తుడుచుకుని రా, గచ్చు ఇప్పుడే కడిగాను,” అంది గోడెలీవ్ తలుపు తీస్తూనే. ఆంట్వెర్ప్ రేవులో పనిచేసే వాళ్లందరికీ ఆమె నోరంటే భయం, మొగుడు ఫిర్మిన్‌తో సహా.

వీర్లె బుద్ధిగా తుడుచుకుంది. ఫిర్మిన్ పోయి నాలుగు నెలలు. ఆయన లాకర్లోని సామాను ఇచ్చి రావాలని రోజూ అనుకుంటూనే, ఏ మొహం పెట్టుకుని వెళ్లనని ఇవాళ్టిదాకా ఆగిపోయింది. తనకు పానా పట్టుకోవడం నేర్పిన మనిషి ఆయన.

“కాఫీ తాగు. తాగి, నిజం చెప్పు. ముప్పై ఏళ్లు మచ్చ లేకుండా పనిచేసిన మనిషి, రిటైరయ్యే ముందు ఓడని రేవులో నిలబెట్టి నలభై నిమిషాలు గ్యాస్ ఎందుకాపాడు?”

“ఏదో చప్పుడు వినిపించిందన్నారమ్మా.”

“చప్పుడా! పక్కన నిలబడి నేను అరిస్తేనే వినపడేది కాదు ఆయనకి.”

వీర్లెకు నవ్వు రాబోయి ఆగిపోయింది. విచారణలో పెద్దలు నమ్మనిదీ ఆ మాటే. ఓడలోకి గ్యాస్ ఎక్కించే గొట్టం మధ్యలో ఉక్కు జల్లెడ ఒకటుంటుంది. గ్యాస్‌ని పోనిస్తుంది, మంట వస్తే మాత్రం అక్కడికక్కడే ఆపేస్తుంది. అది లేకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు, రేవంతా బూడిదే. ఫిర్మిన్ గ్యాస్ ఆపడానికి ముందురోజే, తనూ గ్యాస్ ఆపించి దాన్ని విప్పి కడిగింది వీర్లె. విచారణలో అంతా సవ్యంగానే ఉందనీ, మళ్లీ ఆపాల్సిన అవసరమే లేదనీ సాక్ష్యం చెప్పింది. ఫిర్మిన్ ఎదురుగా కూర్చుని ఔనన్నట్టు తలూపాడు. ఆ సాయంత్రమే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. వీడ్కోలు విందు లేదు, ఆఖరికి ఒక గ్లాసు బీరన్నా లేదు.

“నేను నోరు మూసుకుని ఉండాల్సిందమ్మా.”

“ఉన్నమాటేగా చెప్పావు. నీ మీద నాకు కోపమేంటి? ఆయన గ్యాస్ ఆపిన ముందురోజు మీ పాప పుట్టినరోజుకి కేకు కూడా పంపించానే!”

“ఆ కేకు పట్టుకునే ఇంటికి పరిగెత్తాను. ‘పిల్ల ఎదురుచూస్తుంటుంది, పోవే’ అని ఆయనే తరిమారు.”

గోడెలీవ్ కళ్లు ఒత్తుకుంది. “పోయేదాకా అడిగాను. నాక్కూడా చెప్పలేదు, మొండిఘటం. ఊళ్లో వాళ్లు మతి చలించిందంటుంటే నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు మనసు పీకుతోంది.”

వీర్లె తెచ్చిన లాకరు సామాను సంచీలోంచి ఆమె నూనె మరకల నోటుబుక్కు తీసింది. కళ్లజోడు లేక అక్షరాలు ఆనలేదు.

“ఏ రోజు పని ఆ రోజు ఇందులో రాసుకునేవాడు. గ్యాస్ ఆపిన రోజు పేజీ తీసి చదువు.”

వీర్లె పేజీ తిప్పింది. పైన వాతావరణం రాసి ఉంది, పొద్దున వాన, పడమటి గాలి అని. దాని కింద ఒకే ఒక్క ముక్క.

“ఏమిటే, బిగుసుకుపోయావు? గట్టిగా చదువు!”

“వీర్లె మరిచిపోయిన జల్లెడ పెట్టి బిగించాను.”