పచ్చ కడియం

ఎముకల బలం చూపే కడియాన్ని నాకు అంటగట్టిన ఏజెంటు సూరపరాజు బాగుపడడు. ఇప్పుడు ఊరంతా ఆ కడియాలే. పచ్చగా వెలగనిదే ఎవరూ బరువు ఎత్తరు. మా ఆవిడ మంగతాయారుకు చర్మం బిగుసుకుపోయే జబ్బు. దానితో ఎముకలు గుల్లబారతాయని డాక్టరమ్మ చెబితే, భయపడి కడియం తొడిగింది నేనే. అదేమో గట్టిపడ్డ చర్మాన్నే ఎముక అనుకుంది.

మా మల్లెతోటలో ఆవిడ ఎరువు తట్ట ఎత్తబోతుంటే వద్దన్నాను.

"పచ్చగానే ఉంది కదండీ! మీ పిరికితనం నాకు అంటించకండి," అని నవ్వుతూ ఎత్తింది. నడుములో పుల్ల విరిగినట్టు చప్పుడైంది.

ఇప్పుడు ఆవిడ తుమ్మబోయినా నాకు ప్రాణం పోతోంది. మంచం మీద ఉన్న ఆవిడ చేతికి కడియం ఇంకా పచ్చగానే వెలుగుతోంది. వైద్యానికి ఆ తోటే అమ్మేశాను, ముప్పై రెండు సెంట్లు.