జిగురు గడ్డం

సియోల్ రాజకోట సింహద్వారం దగ్గర తెహ్వాన్ భటుడి వేషంలో బల్లెం పట్టుకుని నిలబడ్డాడు. కదలకూడదు, మాట్లాడకూడదు. పక్కన ఫోటో దిగడానికి వరసకట్టిన జనంలో తర్వాతి మనిషి అతని భార్య మ్యోంగీ.

బ్యాంకు ఉద్యోగం పోయిందని అతను ఇంట్లో చెప్పలేదు. ఇప్పటికీ పొద్దున్నే టై కట్టుకునే బయల్దేరుతున్నాడు. అతికించుకున్న గడ్డాన్నీ, కళ్ల మీదికి దిగిన టోపీనీ నమ్ముకుని ఊపిరి బిగబట్టాడు.

"మీ ఆయన్ని కూడా రమ్మనకపోయావా? ఆఫీసు ఈ పక్కనేగా," అంది ఎదురుగా ఫోటో తీస్తున్న స్నేహితురాలు.

"ఆయనకి మీటింగుల మీద మీటింగులు. ఉండు, అడుగుతాను," అంటూ మ్యోంగీ ఫోన్ చేసింది.

వేషం మార్చుకున్న గదిలో పెట్టి రావడం మరిచిన ఫోన్ అతని అంగీ లోపల వణకడం మొదలుపెట్టింది. బల్లెం వదిలి దాన్ని ఆపితే ఈ పనీ పోతుంది. ఆమె అతని వైపు చూడలేదు. మోగినంతసేపూ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, నవ్వుతూ ఫోటో దిగింది.

"ఎత్తట్లేదే. పద, నూడుల్స్ తిందాం."

స్నేహితురాలు అటు తిరగ్గానే మ్యోంగీ అతని చెవి దగ్గరికి వంగింది.

"సాయంత్రం వచ్చేముందు ఆ జిగురు సరిగ్గా కడుక్కోండి. ఎండాకాలం నుంచీ మీ దిండు గలీబులు ఉతకలేక చస్తున్నాను."