412 నంబరు బిళ్ళ

"ఆ బిళ్ళ కింద పెట్టు బాపూ. అది అమ్మేది గాదు."

బల్ల వెనక నుంచి యాసిన్ అనేలోపే మొండయ్య ఆ ఇత్తడి బిళ్ళను పిడికిట్లో బిగించాడు.

"ఎంతకిస్తవో చెప్పు భాయ్."

"చెప్తున్న గద, చూసెటందుకే పెట్టిన. గా పక్క పళ్ళెంల ఇంకో ఇరవై ఉన్నయి. అన్ని గదే ఇత్తడి. అండ్ల ఏదన్న తీస్కో."

"నాకు గిదే గావాలె."

"గిదే ఎందుకు?"

మొండయ్య చూపు హాలు వైపు తిప్పాడు.

జనగామ స్టేషన్ దగ్గరి ఫంక్షన్ హాలు కిటకిటలాడుతోంది. ఒక బల్ల మీద నిజాం కాలపు నాణేలు, ఇంకో బల్ల మీద పాత స్టాంపులు, అగ్గిపెట్టె బొమ్మలు. పోకిమాన్ కార్డుల బల్ల దగ్గరైతే తోపులాటే. ఒకప్పుడు పెంటకుప్ప మీద పారేసినవన్నీ ఇక్కడ అద్దాల కింద దర్జాగా కూర్చున్నాయి. యాసిన్ బల్ల దగ్గర మాత్రం జనం పలచగా ఉన్నారు. అతని పక్కన ఒకామె తల వంచుకుని నాణేలు తుడుస్తోంది.

మొండయ్య వాటి కోసం రాలేదు. రిటైరైన బొగ్గుబాయి కార్మికుల ఫోన్ గ్రూపులో మొన్న ఒక ఫొటో వచ్చింది. 'జనగామలో పాత వస్తువుల ప్రదర్శన, రండి' అని రాసి, కింద 412 నంబరు బిళ్ళ. ఆ ఫొటో చూసినప్పటి నుంచి అన్నం సయించలేదు. పొద్దున్నే భూపాలపల్లిలో బస్సెక్కాడు.

"బాయిల పని చేసినవా బాపూ?" అన్నాడు యాసిన్.

"లైట్ల రూంల. ముప్పై ఏండ్లు."

"అరే, మంచిగ దొరికినవ్! వచ్చినోళ్ళంత గీ బిళ్ళ దేనికని అడుగుతున్నరు. నాకు చెప్పొస్తలేదు. జర నువ్వు చెప్పు."

మొండయ్య చుట్టూ చూశాడు. చెప్పకపోతే వీడు బిళ్ళ ఇవ్వడు.

"ఏమున్నది? బాయిలకు దిగేటోడు తన నంబరు బిళ్ళ మాకిచ్చి లైటు తీస్కపోతడు. మేం బిళ్ళను కొక్కేనికి తగిలిస్తం. పైకొచ్చినంక లైటిచ్చి బిళ్ళ తీస్కపోతడు."

"అంటే కొక్కేనికి బిళ్ళ ఉంటే?"

"మనిషి కింద ఉన్నట్టు."

"లేకపోతే?"

"ఇంటికి పోయినట్టు" అన్నాడు మొండయ్య. నాణేలు తుడుస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"గీ బిళ్ళ అమ్మిన ముసలాయన గూడ గట్లనే చెప్పిండు" అన్నాడు యాసిన్.

"ఎవరు?"

"గూడూరు దిక్కు తండాయన. బీక్యా అంట. గిది నా నంబరే అన్నడు."

మొండయ్య పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు.

"బీక్యానా? బతికున్నడా?"

"సచ్చిండని ఎవరన్నరు?"

"ఎవరనలే. ఇంకోదానితోని పరారైండనే అన్నరు."

"పరారైనోడు బతికే ఉంటడు గద. మరి పరేషాన్ ఎందుకు?"

"ఎడమ చేతికి… చిటికెనేలు ఉన్నదా?"

యాసిన్ పక్కకు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "లేదు" అన్నాడు యాసిన్.

మొండయ్య నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "ఇరవయ్యొక్క ఏండ్లు, భాయ్! కండ్లు మూస్తే వాడే కనవడేది. బతికున్నడా! దేవుడు సల్లగుండ!" తువ్వాలుతో ముఖం తుడుచుకోబోయి ఆగాడు. అరచెయ్యి నిండా నలుపు. బిళ్ళను అటూ ఇటూ తిప్పాడు. ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

"గాని భాయ్… బిళ్ళ వాని చేతికి ఎట్లొచ్చింది?"

"పైకొచ్చినంక జేబుల ఏస్కపోయిండు గావచ్చు."

"ఏడ పైకొచ్చిండు? ఆ దినం అందరు బిళ్ళలు తీస్కపోయిన్రు. 412 ఒక్కటే కొక్కేనికున్నది. మూసేసిన జాగలకు వాన్ని మేనేజరు సారు పంపిండు, కప్పు కూలింది. సంగతి బయటవడితే సారు నౌకరి పోతది, నీది గూడ పోతదని బెదిరిచ్చిన్రు. నాకు ముగ్గురు పిల్లలు. బిళ్ళ తీసేసిన. లైటొచ్చినట్టు బుక్కుల రాసిన. బిళ్ళను బాయి నీళ్ళ గుంటల ఇసిరేసిన. గీ చేతులతోనే. ఇంక వాని కాడికి ఎట్ల…"

తను ఏమన్నాడో అప్పుడు గానీ అతని చెవికి ఎక్కలేదు. నాణేల పుస్తకానికి ఆనించి నిలబెట్టిన ఫోన్ కెమెరా తన వైపే ఉంది, రికార్డవుతోంది. యాసిన్ దాన్ని తీసి ఆమె చేతికిచ్చాడు.

ఆమె గుడ్డ పక్కన పెట్టి లేచింది.

"నేను బీక్యా బిడ్డను, కాకా. విజయను. నీ మొగడు లేచిపోయిండని జనం అంటుంటే ఇని ఇనే మా అవ్వ సచ్చిపోయింది. గీ ఒక్క మాట కోసం నాలుగు ఊర్ల షోలు తిరిగిన."

మొండయ్య పిడికిలి విప్పాడు. నల్లటి అరచేతిలో 412.

"మరి గీ బిళ్ళ? గుంటలకెల్లి ఎవరు తీసిన్రు బిడ్డా?"

"ఎవ్వరు తియ్యలే. గిది పోయిన నెల గీ పక్కన పెంబర్తిల ఇత్తడి పనోళ్ళ కాడ చేపిచ్చిన. పాతగ కనవడాలని బొగ్గుమసి నేనే రుద్దిన."