నలభై ఒకటో మాట

గడియారాల రిపేరు మీద నాన్న రాసిన పుస్తకం మర్నాడే అచ్చుకి వెళ్ళాలి. చివర పదకోశంలో, వాడిన పేజీ నంబర్లతో సహా, నలభై ఒక్క మాటలుండాలి. నలభయ్యే వచ్చాయి.

“ఒకటి నీ కంప్యూటరు మింగేసింది!” నాన్న ఇంతెత్తున లేచాడు.

“మింగలేదు నాన్నా. పుస్తకంలో వాడి, గుర్తు పెట్టిన మాటల్నే అది తీసుకుంటుంది. నీ ‘చేదోడు’ రెండొందల పేజీల్లో ఒక్కచోటా లేదు.”

ఆ మాటకి నాన్న రాసిచ్చిన అర్థం: గడియారం విప్పినప్పుడు టార్చి పట్టుకునే మనిషి, మా ఆవిడ.

నాన్న నన్ను కుర్చీలోంచి లేపి, సాయంత్రం దాకా ఒంటివేలితో టైపు కొట్టాడు. ఈసారి చేదోడు పక్కన పేజీ నంబర్లు చీమలబారులా వచ్చాయి.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పి చూసింది.

“డెబ్బై రెండో పేజీలోది తీసెయ్యండి. మన గోడగడియారం విప్పిన రోజు నేను ఊళ్ళో లేను. అందుకే అది ఇప్పటికీ పది నిమిషాలు వెనక నడుస్తోంది.”